నెత్తికి దెబ్బ: ఏం కాలేదనిపించుకునే పన్నెండు ఉపాయాలు

చెయ్యి విరిగితే దాచలేం, వేలాడుతుంది. కాలు విరిగితే నెలల తరబడి మంచాన పడి, చూడవచ్చిన ప్రతి చుట్టానికీ కథ మొదటినుంచీ చెప్పాలి. నెత్తి అలా కాదు. పుర్రె లోపల మెదడు ఏ పాట్లు పడుతోందో పక్కన కూర్చున్న తోడబుట్టినవాడికి కూడా తెలియదు. కనబడనిదాన్ని లేదనేయడం కంటే తేలికైన పని లోకంలో ఉందా? అందుకే రోడ్డు ప్రమాదంలో తలదెబ్బ తగిలిందంటే మనలాంటి తెలివైనవాళ్లకు పండగే. స్కాన్ ఖర్చు మిగులుతుంది, పోలీసుల గొడవ తప్పుతుంది, పెద్దాసుపత్రికని కర్నూలు దాకా పోయే బాధ ఉండదు. కావలసిందల్లా కాస్త బద్ధకం, నోటినిండా సాకులు.

మన పాలమూరులోని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో అవకాశాలకు కొరత లేదు. 44వ నంబరు జాతీయ రహదారి కొత్తకోట, పెబ్బేరు మీదుగా వచ్చి బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి ఎర్రవల్లి చౌరస్తాకు చేరుతుంది. అటువైపు కల్వకుర్తి మీదుగా శ్రీశైలం రోడ్డు నల్లమలకు పోతుంది. పెద్ద రోడ్ల మీద కుదరకపోతే ఊరి రోడ్లున్నాయి. కోతల కాలంలో సగం రోడ్డు మీద వడ్లు, వడ్ల చుట్టూ కాపలా రాళ్లు, చీకట్లో వెనక లైటు లేని ట్రాక్టరు ట్రాలీ. ఇక కింది ఉపాయాలు వరసగా పాటించండి. ఒకటో రెండో తప్పినా దిగులు పడొద్దు, మిగతావి చూసుకుంటాయి.

1. హెల్మెట్‌కు దెబ్బ తగలకుండా చూసుకోండి.

డబ్బు పెట్టి కొన్న వస్తువు. పెట్రోలు ట్యాంకు మీద పెట్టుకోండి, మోచేతికి తగిలించుకోండి, అద్దానికి వేలాడదీయండి. చౌరస్తాలో పోలీసు కనబడితే నెత్తిన బోర్లించి, దాటగానే తీసేయండి. గడ్డం కింద పట్టీ మాత్రం బిగించొద్దు. బిగించకపోతే మీరు కింద పడేలోపే అది ఎగిరిపోయి పక్క చేలో క్షేమంగా దిగుతుంది. కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తుందా, ఐఎస్ 4151 అని రాసుందా అని తిప్పి తిప్పి చూసి అమ్మేవాణ్ని విసిగించకండి. రంగు బాగుంటే చాలు.

ఈ హెల్మెట్ పిచ్చికి మూలం ఇంగ్లండులో ఉంది. అరేబియా లారెన్స్‌గా పేరుపడ్డ టి.ఇ. లారెన్స్ 1935 మేలో మోటారు సైకిలు మీంచి పడి ఆరు రోజులకు చనిపోయాడు. ఆయన్ని చూసిన డాక్టర్లలో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు సర్జన్ ఆ సంగతి అక్కడితో వదిలేయకుండా లెక్కలు తీసి 1941లో వ్యాసం రాశాడు. బ్రిటిష్ సైన్యంలో మోటారు సైకిలు నడిపేవాళ్ల నెత్తిన హెల్మెట్ ఎక్కేదాకా నిద్రపోలేదు. ఒక మనిషి పోతే ఇంత రాద్ధాంతం! మన ఊళ్లో అయితే చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టి ఎవరి పనిన వాళ్లు పోతారు. సినిమా హీరో సాయి ధరమ్ తేజ్‌దీ ఈ హెల్మెట్ పిచ్చే. 2021 సెప్టెంబరులో హైదరాబాద్‌లో దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి దగ్గర బండి జారి పడ్డాడు. పడటం బాగానే పడ్డాడు గానీ హెల్మెట్ పెట్టుకుని మొత్తం పాడుచేశాడు. కోలుకున్నాడు, 2023లో ‘విరూపాక్ష’తో మళ్లీ తెర మీదికి వచ్చేశాడు. ఇలాంటివాళ్లను చూసి చెడిపోకండి.

2. ముందు బండిని చూడండి.

ఇండికేటర్ పగిలిందా, హ్యాండిల్ వంగిందా, ఇంజనాయిల్ కారుతోందా? స్టార్టు చేసి చప్పుడు వినండి. పక్కన పడ్డ మనిషి ముక్కులోంచో చెవిలోంచో నీళ్లలాంటిది కారుతుంటే జలుబనుకోండి. పుర్రె అడుగుభాగం పగిలితే మెదడు చుట్టూ ఉండే నీరు అలాగే కారుతుంది. కారనీయండి. దానికి మెకానిక్ బిల్లు రాదు కదా.

3. నీళ్లు తాగించండి, లేపి ఊపండి.

సోయి లేని మనిషి నోట్లో నీళ్లు పోయడం మనకు తరతరాల ధర్మం. మింగే శక్తి లేదు కాబట్టి ఆ నీళ్లు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఇక్కడ కాస్త శాస్త్రం చెప్పాలి, ఈ వ్యాసానికి పునాది అదే. తలకు తగిలేది ఒక దెబ్బ కాదు, రెండు. మొదటిది రోడ్డు కొడుతుంది. ఆ క్షణంలో చెడిన మెదడు కణాలను ఏ డాక్టరూ తిరిగి తేలేడు. రెండోది తర్వాతి గంటల్లో మెల్లగా పడుతుంది. గాలి అందక, రక్తపోటు పడిపోయి, లోపల రక్తం గూడుకట్టి, మెదడు వాచి పుర్రెకే ఒత్తుకుపోతుంది. ఈ రెండో దెబ్బను మాత్రం ఆపవచ్చట. ఆసుపత్రులు, ఆంబులెన్సులు, స్కానింగులు, ఐసీయూలు, అన్నీ దీన్ని ఆపడానికే పుట్టాయి. అంటే మన చేతిలో ఉన్నదీ ఈ రెండోదే. మన ప్రతాపమంతా ఇక్కడే చూపించాలి.

కాబట్టి ఒకరు చేతులు, ఒకరు కాళ్లు పట్టి ఎత్తండి. మెడ వేలాడితేనే ఎత్తినట్టు లెక్క. ఆటోలో అడ్డంగా పడేయండి. ఇంకా తొందరగా పోవాలంటే బైకు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి, తల వెనకవాడి భుజం మీద పడేసి పట్టుకోండి. “మెడ ఎముక కూడా విరిగిందేమో, కదలకుండా పట్టుకోండి” అని ఎవడైనా చదువుకున్న పిల్లాడు అంటే, “నువ్వేమన్న డాక్టర్‌వా?” అనండి. ఊరుకుంటాడు.

4. 108కి తప్ప అందరికీ ఫోన్ చేయండి.

ముందు సర్పంచికి, తర్వాత బావమరిదికి, ఆ తర్వాత ఎమ్మెల్యే పీఏకి. మధ్యలో ఒక వీడియో. 2005 ఆగస్టు 15న మొదలైన 108 బండి ఇన్నేళ్లుగా కుయ్ కుయ్‌మంటూ తిరుగుతూనే ఉంది గానీ, దానికి ఫోన్ చేస్తే ఎక్కడ, ఏ రోడ్డు, మనిషి ఊపిరి తీస్తున్నాడా అని అడుగుతారు. అంత ఓపిక ఎవరికుంది?

అదీగాక “కేసైతది, సాక్ష్యానికి తిరగాలె” అనే పాత భయాన్ని భద్రంగా కాపాడుకోవాలి. సాయం చేసినవాణ్ని వేధించకూడదని కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలకు 2016 మార్చి 30న సుప్రీంకోర్టు ఆమోదముద్ర వేసింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ చేర్చారు. పేరు చెప్పమని గానీ సాక్షిగా ఉండమని గానీ బలవంతం చేయడానికి లేదు. బాగా దెబ్బ తగిలినవాణ్ని గంటలోపు ఆసుపత్రికి చేర్చినవాళ్లకు 2021లో 5,000 రూపాయల బహుమతి పెట్టి, 2025లో దాన్ని 25,000 చేశారు. ఇవన్నీ తెలిస్తే పక్కకు తప్పుకోవడానికి మనకు ఏ సాకూ మిగలదు. చదివినవి మర్చిపోండి.

5. ఎక్కడ రక్తం కనబడితే అక్కడే దెబ్బ.

ఆర్ఎంపీ దగ్గరికి తీసుకుపోండి. నుదుటి మీద కుట్లు, ఒక టీటీ సూది, ఒక గ్లూకోజు సీసా. వాచిన మెదడుకు ఉత్త గ్లూకోజు నీరు ఎక్కిస్తే వాపు పెరుగుతుంది. అందుకే పెద్దాసుపత్రుల్లో ఈ రోగులకు దాని జోలికి పోరు. మీరు రెండు సీసాలు అడగండి. సీసా వేలాడుతుంటే చూసేవాళ్లకు వైద్యం జరుగుతోందనే తృప్తి ఉంటుంది. “సత్తువ సూది” పేరుతో స్టెరాయిడ్ కూడా వేయించండి. తలదెబ్బలకు స్టెరాయిడ్ పనికొస్తుందేమోనని క్రాష్ అనే పేరుతో చాలా దేశాల్లో పదివేల మందికి పైగా రోగుల మీద పరీక్షించారు. స్టెరాయిడ్ తీసుకున్నవాళ్లలోనే చావులు ఎక్కువ కనబడి మధ్యలోనే ఆపేశారు. 2004లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఆ కబురు మా పాలమూరు పల్లెల్లోకి ఇంకా బస్సెక్కి వచ్చినట్టు లేదు.

6. “మంచిగనే మాట్లాడుతుండు” అనే మాటను మంత్రంలా వాడండి.

ఇది ఈ వ్యాసంలోకెల్లా విలువైన ఉపాయం. తీరిగ్గా చదవండి.

కణత దగ్గర పుర్రె పలచన. దాని లోపలి వైపున ఒక ధమని పోతుంది. అక్కడ దెబ్బ తగిలి ఎముక చిట్లితే ఆ ధమని తెగి, పుర్రెకూ మెదడు పైపొరకూ మధ్య రక్తం చేరడం మొదలవుతుంది. మనిషి పడ్డప్పుడు కాసేపు సోయి తప్పుతాడు, తర్వాత లేచి కూర్చుంటాడు. చాయ్ తాగుతాడు. “నాకేం గాలె, ఫోన్ యాడ వడ్డదో సూడుండ్రి” అంటాడు. నవ్వుతాడు కూడా. ఇలా ఒకటి రెండు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు గడుస్తుంది. లోపల రక్తం తన పని తాను చేసుకుపోతుంటుంది. ఆ తర్వాత తలనొప్పి, వాంతి, మగత, ఒక కంటిపాప పెద్దదవడం, ఒక పక్క చెయ్యీ కాలూ ఆడకపోవడం. అప్పటికి కర్నూలు రోడ్డెక్కినా చాలాసార్లు ఆలస్యమే. ఆ మధ్యలో దొరికిన మంచి గంటల్లోనే స్కాన్ తీసి, పుర్రె తెరిచి, రక్తం తోడేస్తే చాలామంది లేచి నడుచుకుంటూ ఇంటికి వస్తారు. అందుకే ఆ గంటలను జాగ్రత్తగా ఖర్చుపెట్టాలి.

ఎలా ఖర్చుపెట్టాలో చెబుతాను. మొదటి అరగంట తప్పెవరిదో తేల్చడానికి. తర్వాత ట్రాక్టరువాడితో వాదన. ఆ తర్వాత ఇంటికి తీసుకుపోయి, దిష్టి తీసి, చుట్టుపక్కల నలుగురూ వచ్చి చూసేదాకా అరుగు మీద కూర్చోబెట్టాలి. వచ్చినవాళ్లలో ఒక్కరైనా “నాకు గూడ ఇట్లనే అయింది, ఏం గాలె” అంటారు. నిజంగా ఏదైనా అయినవాళ్లు చెప్పడానికి రారు కదా, కాబట్టి ఈ సాక్ష్యం ఎప్పుడూ మనవైపే ఉంటుంది.

చదువుకున్నవాళ్లు, డబ్బున్నవాళ్లు ఇలా చేయరనుకోకండి. నటాషా రిచర్డ్‌సన్ అనే బ్రిటిష్ నటి 2009 మార్చిలో కెనడాలో మంచు మీద స్కీయింగ్ నేర్చుకుంటూ పడింది. హెల్మెట్ లేదు. లేచి నిలబడి నాకేం కాలేదంది. వచ్చిన ఆంబులెన్స్‌ను వెనక్కి పంపారు. రెండు రోజులకు చనిపోయింది. తలలో కట్టిన రక్తం సరిగ్గా ఈ రకమే.

7. ప్రతి లక్షణానికీ ఒక సాకు తయారుగా ఉంచుకోండి.

వాంతయితే పైత్యం. మళ్లీ అయితే పొద్దున తిన్నది పడలేదు. తలనొప్పి అంటే ఎండ. అడిగిందే అడుగుతుంటే భయపడ్డాడు. చెవి వెనక నల్లగా కమిలితే, కళ్లచుట్టూ నలుపు తిరిగితే నిద్రలేమి. గురక పెడుతుంటే మంచి నిద్ర పట్టింది, లేపొద్దు.

అన్నిటికంటే గొప్ప సాకు కల్లు. “తాగిండు, పండుకోనియ్యుండ్రి, తెల్లారితే దిగుతది.” ఈ మాట ముందు ఏ వైద్యశాస్త్రమూ నిలవదు. తాగినవాడికి తలదెబ్బ తగిలితే మత్తు ఏదో దెబ్బ ఏదో డాక్టర్లకే స్కాన్ లేకుండా తేల్చడం కష్టం. మనం మాత్రం వాసన చూసి తేల్చేస్తాం. అందులోనూ మన దిక్కు కల్లులో కలిపే ఆల్ప్రాజోలం అనే మత్తుమందు గురించి ఎక్సైజువాళ్లు ఎన్ని దాడులు చేశారో అందరికీ తెలిసిందే. అంత మత్తు ఉన్న మనిషి తెల్లారి లేవకపోయినా ఎవరికీ అనుమానం రాదు.

8. ఆసుపత్రి తప్పకపోతే, తప్పించుకుని రండి.

ఒకప్పుడు పెద్దాసుపత్రి దూరమని చెప్పుకునేవాళ్లం. 2022లో వనపర్తికీ నాగర్‌కర్నూల్‌కూ, 2024లో గద్వాలకూ ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చి ఆ సాకు కాస్తా పోగొట్టాయి. అక్కడ డాక్టరు వచ్చి మార్కులు వేస్తాడు. 1974లో గ్లాస్గోలో టీస్‌డేల్, జెన్నెట్ అనే ఇద్దరు కనిపెట్టిన సోయి కొలత ఇది. కళ్లు తెరవడానికి 4, మాటకు 5, చేయీ కాలూ కదపడానికి 6, మొత్తం 15. కనీసం 3 ఖాయం. అంటే ఏమీ చేయని కట్టెకు కూడా మూడు మార్కులు వేయాల్సిందే. 8 కంటే తక్కువొస్తే “ఇంటర్మీడియట్‌ల గూడ మావోనికి గిన్నే వచ్చినయ్” అని నవ్వేయండి. మార్కులు గంట గంటకూ తగ్గుతున్నాయని నర్సు చెబితే, ఆమె మాట వినపడనట్టు ఫోన్ చెవిన పెట్టుకోండి.

సీటీ స్కాన్ కొద్ది నిమిషాల పని. రక్తం ఎక్కడుందో తెల్లగా చూపించేస్తుంది. ఒకసారి కనబడిందంటే ఇక లేదనడం కుదరదు, కాబట్టి ఆ గది గుమ్మం దాటనీయకండి. డబ్బుల్లేవనండి. ఆరోగ్యశ్రీ కార్డు ఇంట్లోనే మర్చిపోండి. ఆ పథకం 2007 ఏప్రిల్ 1న తొలిగా మొదలైన మూడు జిల్లాల్లో మన పాత మహబూబ్‌నగర్ జిల్లా ఒకటన్న సంగతీ, తెలంగాణలో దాని పరిమితిని 2023 డిసెంబరులో పది లక్షలకు పెంచిన సంగతీ ఎవరికీ గుర్తుచేయకండి. రోడ్డు ప్రమాదంలో గాయపడినవాళ్లకు ఏడు రోజుల దాకా లక్షన్నర వరకు నగదు లేకుండా వైద్యం అందించే కేంద్ర పథకం 2025 మేలో వచ్చింది. దాని పేరెత్తితే స్కాన్ ఖాయం. “మా ఇష్టపూర్వకంగా తీసుకుపోతున్నాం” అని కాగితం మీద సంతకం పెట్టి బయటపడండి. ఆ సంతకం ఎడమచేత్తో పెట్టినా చెల్లుతుంది.

9. చెట్టు కింద రాజీ పడండి.

ఎఫ్ఐఆర్ వద్దు. గుద్దినవాడు మంచోడు, ఏదో అయింది. పెద్దమనుషులు కూర్చుని అప్పటికి చేతికొచ్చింది ఇప్పిస్తారు, సాయంత్రం అందరికీ విందు. రేపు మనిషి పనికిరాకుండా పోతే క్లెయిముల ట్రిబ్యునల్‌కు పోవడానికి ఒక్క కాగితం ఉండదు. ట్రిబ్యునల్‌లో అడిగే మొదటి ప్రశ్న కాగితాల గురించే కాబట్టి, మీకు పోయే శ్రమ కూడా తప్పింది.

10. తాత పడితే అసలు లెక్కలోకి తీసుకోకండి.

వయసు మీద పడ్డ మెదడు కాస్త కుంచించుకుంటుంది, దానికీ పుర్రెకూ మధ్య సందు పెరుగుతుంది. ఆ సందులో చిన్న సిరలు సాగి ఉంటాయి. స్నానాలగదిలో జారినా, బండి వెనక సీట్లోంచి దిగుతూ తూలినా అవి తెగి, రక్తం వారాల మీద మెల్లగా చేరుతుంది. గుండెకు రక్తం పలచబడే గోళీలు వేసుకునేవాడైతే ఇంకా తేలిక. పడ్డ సంగతి ఇంట్లో అందరూ మర్చిపోయాక తాత నడక తడబడుతుంది, మాటలు తప్పుతాయి, పగలంతా మగత. “వయసైపోయింది” అనేయండి. పుర్రెకు ఒకటి రెండు రంధ్రాలు వేసి ఆ పాత రక్తం తీసేస్తే చాలామంది మామూలు మనుషులవుతారు. కానీ ఆలోచించండి. తాత మళ్లీ మామూలైతే మొదట అడిగేది పట్టా పాసుబుక్కు ఎక్కడ పెట్టారనే.

11. ఫిట్స్ వస్తే తాళాలు, తగ్గితే గోళీలు బంద్.

తలదెబ్బ తర్వాత కొందరికి మూర్ఛ వస్తుంది, వెంటనే గానీ నెలల తర్వాత గానీ. చేతిలో తాళాల గుత్తి పెట్టండి, ఉల్లిగడ్డ వాసన చూపించండి, నోట్లో చెంచా దూర్చండి. పళ్లు ఊడినా ప్రయత్నం చేశామన్న పేరు దక్కుతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టడం, టైము చూడటం మాత్రం చేయకండి, అందులో హడావిడి ఉండదు. డాక్టరు రాసిన గోళీలు పనిచేసి ఫిట్స్ ఆగిపోయాయా? మరి గోళీలెందుకు? ఆపేయండి. ఆపిన మర్నాడే బండి తాళం చేతికివ్వండి.

12. మారిన మనిషిని మార్చడానికి పెళ్లి చేయండి.

బతికి ఇంటికొచ్చిన మనిషి మునుపటిలా ఉండడు. నుదుటి వెనకున్న మెదడు దెబ్బ తింటే కోపం ఆగదు, మాటకు అదుపుండదు. విషయం మధ్యలో జారిపోతుంది. వెలుతురు, చప్పుడు భరించలేడు. కూర వాసన కూడా తెలియకపోవచ్చు. 1848లో అమెరికాలోని వెర్మాంట్‌లో ఫినియస్ గేజ్ అనే రైలుమార్గం మేస్త్రీ తలలోంచి ఇనుప కడ్డీ దూసుకుపోయింది. బతికాడు, నడిచాడు, మాట్లాడాడు. అయినా తెలిసినవాళ్లు ఇతను మన గేజ్ కాదన్నారు. వైద్యులు దీన్ని రోగం అంటున్నారు. మీరు బద్ధకమనండి, పొగరనండి, ఎవరో చేయించారనండి. అదీ చాలకపోతే మంత్రం వేయించండి.

గద్వాల దిక్కు సీడు పత్తి చేలో క్రాసింగ్ పనికి పంపండి. సాయంత్రం మొగ్గ ఒలవాలి, పొద్దున్నే దానికి మగపువ్వు పుప్పొడి అద్దాలి, ఏది ఒలిచామో గుర్తుండాలి. తలదెబ్బ మనిషి పావుగంటకే తల పట్టుకుని గట్టు మీద కూర్చుంటాడు. అప్పుడు నలుగురిలో “తిన్నది అరగక సాకులు” అని తిట్టండి. విశ్రాంతి, మెల్లగా పెంచుకుంటూ పోయే పని, మాటకూ జ్ఞాపకానికీ తర్ఫీదు, ఇంట్లోవాళ్ల ఓపిక, వీటితో నెలల మీద, ఏళ్ల మీద కూడా మెరుగు వస్తుందంటారు. ఏళ్ల మీద! అంత తీరిక ఉంటే మనమెందుకిలా ఉంటాం?

కాబట్టి సంబంధం చూడండి. “పెండ్లయితే కుదురుకుంటడు” అనే మాట మీద ఈ ప్రాంతంలో ఎన్ని పందిళ్లు లేచాయో లెక్కలేదు. పెళ్లిచూపుల్లో అబ్బాయి ఏమీ మాట్లాడడు, మాట వెతుక్కుంటూ ఉంటాడు గనక. నెమ్మదస్తుడంటారు. గోళీల డబ్బా బీరువా పైన దాచండి. నుదుటి మచ్చ మీద కుంకుమ అడ్డంగా దిద్దండి. అమ్మాయి తండ్రి “బండి పెడతం, ఏ బండి గావాల్నో చెప్పుండ్రి” అంటే మొహమాట పడకండి. 350 సీసీది అడగండి.